జకాత్ లిస్టులో ఆధార్ జిరాక్స్ ఎందుకు?

చిన్నబజార్ సలీం | శుక్రవారం రాత్రి 10:12

అందరికీ అస్సలాము అలైకుమ్. విషయం పెద్దదో చిన్నదో మీరే చెప్పాలి.

మా మసీదు కమిటీ ఏటా రంజాన్‌లో జకాత్ (ఉన్నవాళ్లు పేదలకు తప్పక ఇవ్వాల్సిన దానం), ఫిత్రా (పండగ దానం) వసూలు చేసి పంచుతుంది. ఇదివరకు మసీదు బాగోగులు చూసే ముతవల్లి గారి దగ్గర ఒక ఎర్ర అట్ట పుస్తకం ఉండేది. పేరు, గల్లీ, ఇంట్లో ఎంతమంది, అంతే. రెండేళ్ల నుంచి కుర్రాళ్లం చేరి దాన్ని గూగుల్ షీట్ చేశాం. చేసింది నేనే, ఇంకొకరి మీదికి నెట్టను. పేరు, ఫోన్, ఆధార్ నంబరు, రేషన్ కార్డు నంబరు, నెల ఆదాయం, జబ్బుంటే ఏ జబ్బు, వితంతువా, భర్త వదిలేశాడా, అన్నిటికీ కాలమ్‌లు పెట్టాం. ఆధార్ జిరాక్స్ ఒకటి, కిట్ అందుకుంటున్న ఫొటో ఒకటి. దాతలు అడుగుతారని.

మొన్న ఆ షీట్ లింకును ఎవరో మహల్లా వాట్సాప్ గ్రూపులో పడేశారు. గ్రూపులో నాలుగొందల మంది పైనే. ఎవరు నొక్కినా తెరుచుకునేలా ఉంది. నేను చూసుకుని మూసేసరికి సగం రోజు గడిచిపోయింది.

మర్నాడు మెడికల్ షాపులో కౌంటర్ దగ్గరున్నాను. మా గల్లీ చివర బట్టలు కుట్టే ఆవిడ బీపీ మాత్రలకు వచ్చింది. చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. మెట్లు దిగుతూ, "మా ఆయన సంగతి కూడా రాశారంటగా నాయనా" అంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

కమిటీలో అడిగితే, "సర్కారుకే అన్నీ ఇచ్చాం, మసీదుకిస్తే పోయేదేముంది" అంటున్నారు. చట్టం ఏమంటుంది, దీన్ (మన మతం) ఏమంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

ఖజాంచీ బాషా | శుక్రవారం రాత్రి 10:51

వ అలైకుమ్ అస్సలాం. బాబూ, నేను వేరే ఊళ్లో పద్నాలుగేళ్లుగా ఖజాంచీని. లింక్ బయటికి పోవడం తప్పే, ఒప్పుకుంటాను. అడగడం మాత్రం తప్పు కాదు. ఒకే ఇల్లు ఐదు మసీదుల్లో తీసుకోవడం నేను చూశాను. తల్లి పేరున ఒకచోట, కోడలి పేరున ఒకచోట. అవతల నోరు తెరిచి అడగలేని ముసలాయనకు ఏమీ మిగల్లేదు. జకాత్ ఎవరికివ్వాలో ఖురాన్‌లో సూరా తౌబా 60వ ఆయత్‌లో (వాక్యంలో) ఎనిమిది వర్గాలు చెప్పారు. అది అమానత్, నమ్మి మన చేతిలో పెట్టిన సొమ్ము. ఆరా తీయకుండా పంచితే రేపు అల్లాహ్ దగ్గర జవాబు చెప్పుకోవాల్సింది నేను, మీ గూగుల్ కాదు.

పాతబస్తీ పోరడు | శుక్రవారం రాత్రి 11:05

ఆధార్ అంటే మీకు తేలిక చాచా. మా దిక్కు 2020 ఫిబ్రవరిల 127 మందికి ఆధార్ సంస్థ హైదరాబాద్ ఆఫీసు నుంచి నోటీసులు వచ్చినయ్. తప్పుడు కాగితాలతో కార్డు తీసుకున్నరని పోలీసుల రిపోర్టు ఉందట, వచ్చి పౌరసత్వం రుజువు చేసుకోండని. పౌరసత్వ సవరణ చట్టం (సీఏఏ) గొడవలు నడుస్తున్న రోజులవి. అండ్ల ఒక ఆటోడ్రైవర్ ఉండె. తర్వాత అదే సంస్థ ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదని వివరణ ఇచ్చింది. సంబంధం లేనిది నోటీసుల ఎట్ల రాసిన్రో ఇప్పటికీ సమజ్ కాలే.

అందుకే మా అమ్మ ఎవరు ఆధార్ అడిగినా ముందు "క్యూఁ?" అంటది.

వెంకట్ గుంటూరు | శుక్రవారం రాత్రి 11:20

నేను సలీం క్లాస్‌మేట్‌ని, ముస్లింను కాదు. తప్పుగా అనుకోకండి. ఆధార్ అందరూ ఇస్తున్నారు. సిమ్‌కి ఇస్తాం, లాడ్జిలో ఇస్తాం. తప్పు చేయనోడికి టెన్షన్ ఎందుకు? ప్రతిదీ మీ మతం మీదికి తెచ్చుకుంటారేమో అనిపిస్తుంది.

నూర్‌బాషా మాస్టారు | శనివారం ఉదయం 6:18

వెంకట్ నాయనా, అడగడం మంచిదే. ఫజర్ (తెల్లవారుజాము) నమాజు చదివి వచ్చి కూర్చున్నాను, తీరిగ్గా చెబుతా.

నేను దూదేకుల వాణ్ని, తెలుగు మాస్టారుగా రిటైరయ్యాను. నా పేరు పదో తరగతి సర్టిఫికెట్టులో ఒకలా, పట్టాదారు పాసు పుస్తకంలో ఇంకోలా, ఆధార్‌లో మూడో రకంగా ఉంది. 'సాహెబ్' అన్న ముక్కను ఒకరు కలిపి రాశారు, ఒకరు విడగొట్టారు, ఒకరు ఎగరగొట్టారు. ఇంగ్లీషులో షేక్ అన్న రెండక్షరాలనే నాలుగైదు రకాలుగా రాస్తారు. మీ ఊళ్లో ఇంటిపేర్లు వందలుంటాయి. మాకు కోస్తాలో షేక్, సయ్యద్, పఠాన్, మొఘల్, మహమ్మద్, తిప్పికొడితే పది. ఇక గుంటూరు మస్తానయ్య దర్గా, కసుమూరు దర్గా మొక్కుల పుణ్యమా అని ఇంటికో మస్తాన్ వలీ. మీలో మస్తానరావులూ తక్కువేం కాదులే. నా తరగతిలో ఒక ఏడాది షేక్ మస్తాన్ వలీలు ముగ్గురున్నారు. ఇద్దరి తండ్రుల పేర్లూ మౌలాలీయే. మార్కులు వేసేటప్పుడు 'పొడుగు మస్తాను', 'బావి కాడి మస్తాను', 'కొట్టు మస్తాను' అని గుర్తు పెట్టుకునేవాణ్ని.

నాకు బావి తెలుసు, కొట్టు తెలుసు. కంప్యూటర్‌కు తెలియదు. నీకూ నాకూ తేడా అక్కడొస్తుంది.

సర్వర్ షఫీ | శనివారం ఉదయం 9:40

మాస్టారు చెప్పింది సరదా ముచ్చట కాదు, అన్నం పోయిన కథ.

తెలంగాణలో సమగ్ర వేదిక అని ఒక వ్యవస్థ ఉంది. వేర్వేరు శాఖల దగ్గరున్న రికార్డులను, అంటే వాహనాల రిజిస్ట్రేషన్, కరెంటు బిల్లులు, ఆస్తులు ఇలాంటివన్నీ కలిపి, ఈ పేరూ ఆ పేరూ ఒకరివేనని సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. రేషన్ కార్డుకు అర్హులా కాదా అన్నది దాంతో చూశారు. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి కార్డు పోయింది. కారణం, వాళ్లకు కారుందట. ఆ కారు నిజానికి దాదాపు అలాంటి పేరే ఉన్న వేరే మనిషిది. రెండు పేర్లకూ తేడా మధ్యలో ఒక్క ముక్క. ఆ రిక్షా కార్మికుడు తర్వాత క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆయన భార్య తమకు కారు లేదని ఏళ్లపాటు ఆఫీసుల చుట్టూ తిరిగింది. కారు ఉందని చూపించడం తేలిక. లేని కారు లేదని ఎలా చూపిస్తారు?

2014 నుంచి 2019 మధ్య తెలంగాణలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని మళ్లీ ఇంటింటికీ వెళ్లి పరిశీలించమంది. రద్దయినవాళ్లలో అన్ని మతాల వాళ్లూ ఉన్నారు. ఇది ముస్లింల మీద పన్నిన కుట్ర అని నేననను. కానీ పది ఇంటిపేర్లున్న జనాన్ని పేర్లతో పోల్చే మిషన్‌లో పెడితే ఎవరు ఎక్కువ నలుగుతారో ఊహించడానికి ఇంజనీరే కానక్కర్లేదు.

వెంకట్, ఇంకొకటి మీ వైపుదే. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్ లక్షా ముప్పై వేల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లను బయటికి చూపించింది. అంతకంటే భయపెట్టిందేమిటంటే అందులో కులం, మతం పెట్టి వెతకొచ్చు, ఇల్లు ఎక్కడుందో మ్యాపులో చూడొచ్చు. హైదరాబాద్ పరిశోధకుడొకరు బయటపెట్టాక తీసేశారు. ఎవరూ చెడు ఉద్దేశంతో చేసి ఉండరు. సలీం షీట్ లాగే ఎవరో కుర్రాడు 'పని తేలికవుతుంది' అనుకుని ఇంకో కాలమ్ చేర్చి ఉంటాడు. అల్లర్లు జరిగే ఊళ్లో ఆ కాలమ్ ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో ఆలోచించండి.

వెంకట్ గుంటూరు | శనివారం ఉదయం 10:02

మతం పెట్టి ఇల్లు వెతకడం సంగతి నిజంగా తెలియదు. సరే, వింటున్నా.

వకీల్ రెహానా | శనివారం మధ్యాహ్నం 12:35

సలీం తమ్ముడూ, చట్టం సంగతి నేను చెబుతాను.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. పుట్టస్వామి కేసు. 2018 సెప్టెంబర్ 26న ఆధార్ చట్టం చాలావరకు నిలబడింది గానీ, ప్రైవేటు వాళ్లు ఆధార్ కోసం పట్టుబట్టే దారి ఇచ్చిన 57వ సెక్షన్‌లోని భాగాన్ని కొట్టేశారు. కాబట్టి 'ఆధార్ ఇవ్వకపోతే కిట్ లేదు' అనే అధికారం మసీదు కమిటీకి ఎక్కడిది?

ఇక డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం. 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. ఇంట్లో సొంత పనికి రాసుకునే ఫోన్ నంబర్లకు ఇది వర్తించదు. కమిటీ షీట్‌కు వర్తిస్తుంది. మసీదైనా గుడైనా చర్చైనా ఒకటే. ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పాలి, ఆ పనికి కావలసినంతే తీసుకోవాలి, పని అయిపోయాక చెరిపేయాలి. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: ఫోన్‌లో వైద్యం చేసే యాప్ రోగి కాంటాక్ట్ లిస్టు కూడా అడిగితే, రోగి సరేనన్నా ఆ ఒప్పుకోలు చెల్లదు, వైద్యానికి అది అక్కర్లేదు కాబట్టి. బియ్యం, నూనె ఇవ్వడానికి భర్త వదిలేసిన సంగతి ఎంత అవసరమో మీరే చూసుకోండి. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును తెలుగులోగానీ ఉర్దూలోగానీ అడిగే వీలుండాలి. డేటా బయటికి పోతే ఎవరిది పోయిందో వాళ్లకు చెప్పాలి. మీరు ఇంకా చెప్పలేదనుకుంటా.

ఈ చట్టాన్ని నేను మెచ్చుకోవడం లేదు. జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చు, కానీ ఆ డబ్బు సర్కారు ఖజానాకే పోతుంది. నష్టపోయిన ఆ కుట్టు పని చేసే ఆవిడకు దీని కింద పైసా రాదు. 2018, 2019 ముసాయిదాల్లో మత విశ్వాసం, కులం, ఆరోగ్యం లాంటి వాటిని సున్నితమైన డేటా అని విడిగా పెట్టారు, ఎక్కువ కాపలా ఉండాలన్నారు. చివరికి వచ్చిన చట్టంలో ఆ విభజన ఎగిరిపోయింది. నా మతం, నా చెప్పుల సైజు, చట్టం కంటికి రెండూ ఒకటే. పైగా 17వ సెక్షన్ కింద దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో కేంద్రం ఏ ప్రభుత్వ విభాగాన్నైనా దీన్నుంచి మినహాయించొచ్చు. ఎవరి చేతిలో ఎక్కువ డేటా ఉందో వాళ్లకే తప్పుకునే కిటికీ.

బాషా గారూ, ఆడిట్ అంటారేమో. దాతలకు పన్ను మినహాయింపు దొరికే 80జీ గుర్తింపు ఉన్న ట్రస్టులు ఫారం 10బీడీలో ఇవ్వాల్సింది దాతల వివరాలు. పుచ్చుకునే వాళ్ల ఆధార్ అందులో అడగరు.

ఖజాంచీ బాషా | శనివారం మధ్యాహ్నం 1:48

అమ్మా, చట్టం బాగానే చెప్పావు. మరి ఐదు మసీదుల్లో తీసుకునేవాణ్ని ఎలా పట్టుకోను? అది చెప్పరెవరూ.

హాఫిజ్ నిజామాబాద్ | శనివారం సాయంత్రం 5:30

బాషా సాబ్ ప్రశ్నలో న్యాయం ఉంది. హనఫీ ఫిఖా (ధర్మశాస్త్రం) ప్రకారం ఇచ్చేవాడు తన మేరకు విచారించి, ఇతను అర్హుడేనని మనసుకు గట్టిగా అనిపించాక ఇస్తే, అతను అర్హుడు కాదని తర్వాత తెలిసినా జకాత్ తీరినట్టే. మళ్లీ ఇవ్వక్కర్లేదు. మన మీద ఉన్నది విచారించడం వరకే. పోలీసు దర్యాప్తు మన మీద పెట్టలేదు.

సూరా హుజురాత్ 12వ ఆయత్‌లో 'వలా తజస్ససూ' అని ఉంది, ఒకరి గుట్టు కూపీ లాగవద్దని. ఈ మాట జుమా ఖుత్బాల్లో (శుక్రవారం ప్రసంగాల్లో) వింటూనే ఉంటాం, పక్కింటివాళ్ల గురించి అనుకుంటాం. ఎక్సెల్ షీట్ కాలమ్‌ల గురించి అనుకోం. సూరా నూర్‌లో సలాం చెప్పి అనుమతి తీసుకోకుండా ఇతరుల ఇళ్లలోకి పోవద్దని ఉంది. ప్రవక్త (స) ఇంటి కంతలోంచి ఒకతను తొంగి చూశాడు. ఆ సమయంలో ఆయన చేతిలో తల దువ్వుకునే దువ్వెన లాంటిది ఉంది. నువ్వు చూస్తున్నావని తెలిసి ఉంటే దీంతో నీ కంట్లో పొడిచేవాణ్ని, అనుమతి అడగమన్నదే చూపు కోసం కదా అన్నారు. ప్రవక్త మాటల (హదీసుల) గ్రంథం బుఖారీలో ఉంది. అతను గడప లోపల కాలు పెట్టలేదు, ఏమీ ఎత్తుకుపోలేదు. చూశాడు, అంతే.

అబూ దావూద్‌లో, తిర్మిజీలో ఇంకొక హదీసు ఉంది. ఒక మనిషి ఏదన్నా చెప్పి అటూ ఇటూ చూశాడంటే ఆ మాట అమానత్ అయిపోయినట్టే. 'ఎవరికీ చెప్పకు' అని నోటితో అనక్కర్లేదు. ఆవిడ తన భర్త సంగతి మీ వలంటీరుకు చెప్పేటప్పుడు తలుపు వైపు చూసే ఉంటుంది.

సూరా బఖరా 273 కూడా చూడండి. అడగరు కాబట్టి తెలియనివాడు వాళ్లను ఉన్నవాళ్లే అనుకుంటాడు, వాళ్ల వాలకం చూసి నువ్వు పోల్చుకుంటావు అని ఉంది. వాలకం చూసి పోల్చుకోవడం గల్లీ మనిషికే సాధ్యం. మీ ఎర్ర అట్ట పుస్తకం చేసిన పని అదే.

ఆసియా టీచర్ | శనివారం రాత్రి 8:15

ఫొటోల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆడవాళ్లం మాట్లాడితేనే గుర్తొస్తుందేమో.

2021 జులైలో ఒక యాప్, 2022 జనవరి 1న ఇంకోటి. ముస్లిం ఆడవాళ్ల ఫొటోలు సోషల్ మీడియా నుంచి తీసి, 'వేలం' అని పెట్టారు. పేర్లు రాయను, ఆ పేర్లే బూతులు. జర్నలిస్టులు, లాయర్లు, హైదరాబాద్‌లో అరవై దాటిన సామాజిక కార్యకర్త ఒకావిడ కూడా. పట్టుబడినవాళ్లు ఇరవై ఏళ్లకు అటూ ఇటూ వయసున్న, చదువుకున్న పిల్లలు. ఆ జనవరి ఒకటిన నేను స్టాఫ్‌రూమ్‌లో కేక్ ముక్క చేతిలో పట్టుకుని ఆ వార్త చదివాను. ఇంటికొచ్చి ప్రొఫైల్ ఫొటో తీసేశాను. ఇప్పటికీ అక్కడ మల్లెపూల బొమ్మే.

మీ కిట్ ఫొటోల్లో ఆడవాళ్లే ఎక్కువ ఉంటారు కదా సలీం? బియ్యం మూట ఒక చేత్తో, కొంగు సర్దుకునే చెయ్యి ఇంకొకటి, పక్కన దాత నవ్వుతూ. ఆ ఫొటో ఎన్ని ఫోన్లలో ఉందో మీకు లెక్క ఉందా? సర్కారు మన డేటా చూస్తోందని అరుస్తాం, సరే. మన కమిటీల్లో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఆ షీట్ చేసేటప్పుడు ఒక్క ఆడది పక్కన ఉన్నా 'భర్త వదిలేశాడా' అన్న కాలమ్ పుట్టేది కాదు.

పాతబస్తీ పోరడు | శనివారం రాత్రి 8:40

ఆపా మాట నిజమే. కానీ ఊరంతా తప్పు మనదే అన్నట్టు పోనీయకండి.

2021 మేల లాక్‌డౌన్ టైముకు షహ్రాన్ మార్కెట్ కాడ పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను ఆపిన్రు, మాస్కు తీయమన్నరు. ఎందుకని అడిగితె తీయకున్నా ఫొటో కొట్టుకున్నరు. ఆయన హైకోర్టుకు పోయిండు. ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఏ చట్టం కింద వాడుతున్నరని. 2022 జనవరిల కోర్టు సర్కారుకు నోటీసు ఇచ్చింది. ఆ ఏడే ఆగస్టుల బంజారాహిల్స్‌ల కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచిన్రు. 2021 అక్టోబర్‌ల రోడ్డు మీద బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌ల గంజా అని టైప్ చేసి వెతికిన్రు. వీడియోలు అందరూ చూసిన్రు. కార్డన్ సెర్చ్ (చుట్టుముట్టి ఇంటింటి సోదా) అని తెల్లారక ముందు గల్లీల దిగుతరు. జూబ్లీహిల్స్‌ల ఎప్పుడన్న కార్డన్ సెర్చ్ చూసినవా షఫీ భాయ్?

మా తాత చబూత్రా (అరుగు) మీద కూర్చుండి ఇషా (రాత్రి) నమాజు తర్వాత ముచ్చట పెట్టేటోడు. మేం కూర్చుంటే 'ఆపరేషన్ చబూత్రా' అని పోలీసు వ్యాన్ వస్తుండె.

సర్వర్ షఫీ | శనివారం రాత్రి 9:10

చూడలేదు భాయ్.

ముఖాల సంగతి ఒక్కటి కలుపుతా. 2020 ఢిల్లీ అల్లర్ల తర్వాత ఓటరు కార్డులు, డ్రైవింగ్ లైసెన్సుల ఫొటోలతో పోల్చి వెయ్యి మందికి పైగా గుర్తించామని హోంమంత్రి పార్లమెంటులో చెప్పారు. ఎంత పోలిక కుదిరితే సరిపోయిందంటారని తర్వాత సమాచార హక్కు కింద అడిగితే, 80 శాతం అని ఢిల్లీ పోలీసుల జవాబు. మా కంపెనీలో అటెండెన్స్ మిషన్‌కు అంతకంటే గట్టి సెట్టింగ్ పెట్టాను నేను. అక్కడ తప్పు జరిగితే ఒక పూట జీతం, అంతే.

రాయచోటి టు కువైట్ | శనివారం రాత్రి 11:55

డ్యూటీ అయిపోయి చూస్తున్నా. మీరంతా ఇక్కడి సర్కారును అంటున్నారు. ముస్లిం దేశమైతే గోప్యత ఉంటుందనుకునే వాళ్ల కోసం రెండు ముక్కలు.

కువైట్‌లో మా బోటి పరదేశీలంతా 2024 డిసెంబర్ 31 లోపు వేలిముద్రలు, కళ్లు, ముఖం ఇవ్వాలన్నారు. ఇవ్వనోళ్ల బ్యాంకు లావాదేవీలు ఆపేశారు. మా రూమ్‌లో ఒకాయన, మా రాయచోటి దగ్గరి పల్లే, ఇరవై ఏళ్లు తాపీ పని చేసి వేలిముద్రలు అరిగిపోయినాయి. మిషన్ పట్టదు. మూడుసార్లు పోయినాడు, బస్సు ఖర్చు, పనిలో కోత. ఇంటికి డబ్బు పంపే రోజొచ్చేసరికి ముఖం ఎర్రగా అయిపోయేది. ఇచ్చేటప్పుడు ఎందుకని అడిగే దిక్కు లేదు. అడిగితే వీసా పోతుందని భయం.

దుబాయిలో మా బామ్మర్దికి ఇంకో కష్టం. వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, కాల్ పోదు, అక్కడ ఆపేశారు. లైసెన్సున్న యాప్‌లోనే మాట్లాడాలి. సూరా హుజురాత్ అక్కడా చదువుతారు హాఫిజ్ సాబ్.

హాఫిజ్ నిజామాబాద్ | ఆదివారం ఉదయం 5:50

చదువుతారు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

నూర్‌బాషా మాస్టారు | ఆదివారం ఉదయం 7:30

మా మనవడు నమాజు వేళలకని ఫోన్‌లో ఒక యాప్ వేశాడు. అది కూడా ప్రమాదమేనా షఫీ? ఈ వయసులో ఎవరికి కావాలి నా జాడ.

సర్వర్ షఫీ | ఆదివారం ఉదయం 8:44

మాస్టారూ, మీ ఒక్కరి జాడ ఎవరికీ అక్కర్లేదు, అందరిదీ కలిపితే గిరాకీ. 2020 నవంబర్‌లో బయటపడింది. ముస్లిం ప్రో అని దాదాపు పది కోట్ల డౌన్‌లోడ్‌లున్న నమాజు యాప్ వాడేవాళ్ల లొకేషన్‌ను ఎక్స్-మోడ్ అనే అమెరికా కంపెనీకి పంపేది. ఆ కంపెనీ కొనుగోలుదారుల్లో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారు. ఖిబ్లా (నమాజుకు తిరగాల్సిన దిక్కు) ఎటుందో చూడటానికి తెరిచిన ఫోన్ ఎక్కడుందో అలా చేతులు మారింది. గోల అయ్యాక యాప్ వాళ్లు ఆ కంపెనీతో పంచుకోవడం ఆపేస్తామన్నారు. మనుషులు ఏ మసీదుకు, ఏ ఆస్పత్రికి పోయారో చెప్పే లొకేషన్ అమ్మకూడదని 2024 జనవరిలో అమెరికా వాణిజ్య కమిషన్ ఆ కంపెనీని కట్టడి చేసింది.

మీరు యాప్ తీసేయక్కర్లేదు. సెట్టింగ్స్‌లో లొకేషన్ పూర్తిగా ఆపి, ఊరి పేరు చేత్తో ఎంచుకోండి. వేళలు సరిగ్గానే వస్తాయి. లేదా మసీదు గోడకు బట్టల షాపు వాళ్ల ప్రకటనతో వేలాడే క్యాలెండర్ ఉంటుందిగా, దానికి లొకేషన్ అక్కర్లేదు.

ఖజాంచీ బాషా | ఆదివారం ఉదయం 11:15

సరే, మసీదులో సీసీ కెమెరాల సంగతేంటి మరి? మా ఎస్సై పెట్టమంటే పెట్టాం. అదీ తప్పేనా?

వకీల్ రెహానా | ఆదివారం మధ్యాహ్నం 12:20

తప్పు కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం వంద మంది, అంతకు మించి గుమిగూడే చోట, ప్రార్థనా స్థలాల్లో సహా, కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగ్ ఉంచాలి. పెట్టేది ఎక్కడన్నదే చూసుకోండి. గేటు, చెప్పుల స్టాండు, హుండీ చాలు. వుజూఖానా (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే చోటు) వైపు, ఆడవాళ్ల నమాజు గది వైపు తిప్పకండి. పాస్‌వర్డు కెమెరా బిగించిన కుర్రాడి దగ్గరే ఉండిపోతుంది చాలా చోట్ల, మార్చుకోండి. పోలీసులు ఫుటేజ్ అడిగితే ఏ రోజుది, ఏ కేసుకు అని రాతపూర్వకంగా తీసుకుని ఇవ్వండి. పెన్‌డ్రైవ్‌లో నెలంతా ఎక్కించి ఇవ్వకండి.

మోడరేటర్ | ఆదివారం మధ్యాహ్నం 2:00

కుట్ర సిద్ధాంతాల వీడియో లింకులు మూడు తొలగించాను. ఒక సభ్యుడు సలీం ఊరు పేరు, మసీదు పేరు ఊహించి రాశారు. గోప్యత గురించి మాట్లాడుకునే చోట అది చేయడం ఏమిటో. అదీ తీసేశాను.

చిన్నబజార్ సలీం | ఆదివారం రాత్రి 10:30

అందరికీ జజాకల్లాహ్. ఇవాళ అసర్ (సాయంత్రం) నమాజు తర్వాత కమిటీ కూర్చుంది. గంటన్నర గొడవ. చివరికి తేలింది ఇది.

షీట్‌లో ఆధార్, రేషన్ నంబరు, జబ్బు, భర్త, ఈ నాలుగు కాలమ్‌లూ చెరిపేశాం. గూగుల్‌లో పాత వెర్షన్లు మిగిలి ఉంటాయని షఫీ అన్న ఫోన్‌లో చెప్పాడు. అందుకని ఆ ఫైలే పూర్తిగా తీసేసి కొత్తది మొదలుపెట్టాం. జిరాక్సులు బీరువాలో కట్టలు కట్టలుగా ఉన్నాయి, వెనక దొడ్లో కాల్చాం. మూడొందల పదిహేడు. ఇక నుంచి గల్లీకి ఇద్దరు పెద్దలు, ఒక మగ, ఒక ఆడ, ఇంటికెళ్లి చూసి 'ఇవ్వొచ్చు' అని చెబితే చాలు. షీట్‌లో పేరుండదు, నంబరే. ఏ నంబరు ఎవరిదో ఎర్ర అట్ట పుస్తకంలో, అది ముతవల్లి గారి దగ్గర తాళంలో. పక్క మసీదుల వాళ్లతో పెద్దలు మాట్లాడుకుంటారు, ఫైళ్లు పంచుకోవడం లేదు. ఫొటోలు బియ్యం మూటలకే. ఇద్దరు దాతలు మొహం మాడ్చుకున్నారు. ఒకాయనైతే వచ్చే ఏడాది వేరే మసీదుకిస్తానన్నాడు.

షీట్‌లో ఉన్నవాళ్లందరికీ లింక్ బయటికి పోయిన సంగతి చెప్పాలని రెహానా అక్క అన్నారు కదా. ఫోన్‌లో కాదు, ఇంటింటికీ పోతున్నాం. ఇవాళ పదకొండు ఇళ్లయ్యాయి. ఆవిడ ఇంటికి నేనే మా అమ్మను తీసుకుని వెళ్లాను. బయట నిలబడి సలాం చెప్పాను. మిషన్ చప్పుడు ఆగింది. లోపలికి రమ్మనలేదు. మా అమ్మ ఒక్కతే వెళ్లింది, చాలాసేపు ఉంది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఆసియా టీచర్ | ఆదివారం రాత్రి 10:41

అడక్కు.

ఖజాంచీ బాషా | ఆదివారం రాత్రి 11:20

మా కమిటీలో చెబితే వినరు గానీ చెప్పి చూస్తా. అప్పటిదాకా, ఆధార్‌లో ముందరి ఎనిమిది అంకెలు కనపడకుండా చేసే కార్డు ఒకటుందంట కదా, మాస్కుది. అది తీయాలంటే ఏం నొక్కాలి? ఓటీపీ వచ్చే ఫోన్ మనవడి దగ్గరుంది, వాడు నిద్రపోయాడు.

సర్వర్ షఫీ | ఆదివారం రాత్రి 11:24

పొద్దున లేచాక అడగండి చాచా. ఓటీపీ మాత్రం ఇక్కడ పెట్టకండి.